నాన్న రోజూ పనికి వెళ్తాడు

మైపాడు దగ్గర ఒక మత్స్యకారుల పాలెంలో చిన్న బడి ఉంది. దానికి ఉన్న టీచర్ని నేనొక్కదాన్నే. నేను చదివిందంతా తెలుగు మీడియం. బడి ఇంగ్లీషు మీడియంలోకి మారినప్పుడు నేను కూడా మారిపోతానని పైవాళ్ళు అనుకున్నారు. నెల్లూరు నుంచి బస్సులో వస్తూ ఫోన్‌లో పాఠం విని, అదే బోర్డు మీద రాసేదాన్ని.

ఆ ఏడాది మూడో తరగతికి సింపుల్ ప్రెజెంట్ చెప్పాలి. రోజూ చేసే పనుల గురించి వాక్యాలు. నేనైతే ‘గో’, నాన్నయితే ‘గోస్’. రెండు వారాలు వల్లె వేయించాక పిల్లలు ‘ఐ గోస్’ అనడం మొదలుపెట్టారు. దిద్దితే నాన్నకు కూడా ‘గో’ పెట్టేశారు.

ఒక అమ్మాయి మాత్రం తప్పు రాసేది కాదు. పెద్దగా మాట్లాడని పిల్ల. తండ్రిది చేపల వేట. ఒకరోజు ఖాళీలు పూరించమని ఇస్తే అన్నీ రాసి ఒకటి వదిలేసింది. ‘మై ఫాదర్... టు వర్క్ ఎవ్రీ డే.’ ఇది రాదా అని అడిగాను.

“వచ్చు టీచర్. మా నాయన రోజూ పోడు. పడవ ఇసకలోనే ఉండాది.”

చేపలు పడక చాలా పడవలు కదలడం లేదని నాకూ తెలుసు. అయినా ఇది వ్యాకరణమేనని, ‘గోస్’ రాస్తే చాలని చెప్పాను.

“అబద్ధం రాయమంటారా టీచర్?”

ఎదురు చెప్పడం కాదు, నిజంగానే అడిగింది. సరేనని ‘డజ్ నాట్ గో’ అని రాసి చూపించాను. ‘గోస్’లో ఉన్న ఎస్ ఎక్కడికి పోయిందని అడిగింది. రేపు చెప్తానన్నాను. పుస్తకాలు తిరగేస్తే నాకు అర్థమైంది గానీ, ఎనిమిదేళ్ళ పిల్లకు చెప్పే దారి దొరకలేదు. మర్నాడు, ఇది ఇంతే, గుర్తుపెట్టుకో అన్నాను. తలూపింది. ఆ తర్వాత నన్నెప్పుడూ ఏమీ అడగలేదు.

సెలవుల తర్వాత వాళ్ళమ్మ టీసీ కోసం వచ్చింది. రొయ్యల గుంటల దగ్గర కాపలా పని దొరికిందని, ఇంటిల్లిపాదీ అక్కడే ఉండాలని చెప్పింది. దగ్గర్లో బడి ఉందా అని అడిగాను.

“దూరం టీచర్. చూస్తాం.”

చూడరని ఇద్దరికీ తెలుసు. టీసీ రాసిచ్చాను.

మరుసటి ఏడాది వాళ్ళమ్మ నెల్లూరులో చేపల మార్కెట్ దగ్గర కనిపించింది. పిల్ల ఎలా ఉందని అడిగాను. గుంటల్లో మేత చల్లడం నేర్చుకుందని, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుందని సంతోషంగా చెప్పింది. ‘ఇది ఇంతే, గుర్తుపెట్టుకో’ అన్న నా మాట గుర్తొచ్చింది.