గాజుపెట్టె ముందు పిడికెడు మన్ను

మొన్న కల్లూరులో మా పక్కింటి పెద్దాయన పోయినప్పుడు, ఆయన్ను అద్దెకు తెచ్చిన ఐసు పెట్టెలో పండబెట్టి, పైన గాజు మూత వేసి, కువైట్‌లో పనిచేస్తున్న కూతురికి సెలవు దొరుకుతుందో దొరకదోనని ఇంటిల్లిపాదీ ఫోన్ల వంక చూస్తూ కూర్చున్నారు. బతికినన్నాళ్లూ ఫ్యాను కింద కూడా చెమటలు కక్కిన మనిషి, పోయాక ఏసీ సంపాదించుకున్నాడే అన్న మాట నాకు నాలుక చివరిదాకా వచ్చింది గాని, పక్కన మా కోడలు కళ్లురుముతుంటే మింగేశాను. నా నోటి సంగతి మా వీధి మొత్తానికీ తెలుసు, అందుకే చావింట్లో నాకెప్పుడూ వెనక వరసలోనే కుర్చీ వేస్తారు. సరే, మర్యాదకు వంగి ఆ గాజులోంచి చూశాను. చూస్తే పెద్దాయన ముఖం కనబడలేదు. నా పద్దెనిమిదో ఏట హైదరాబాదు మ్యూజియంలో ఇట్లాంటి గాజు కిందే పడుకొని ఉన్న ఒక ఆడపిల్ల కనబడింది.

మన వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో రాజధాని అంటే హైదరాబాదే. ఇప్పుడు రాజధాని ఏదని మనవళ్లు అడిగితే నేను దగ్గు వచ్చినట్టు నటిస్తాను. మా కర్నూలు కూడా ఆ కుర్చీలో కొన్నాళ్లు కూర్చుని లేచిందే, కుర్చీ ఇంకా వెచ్చగానే ఉండాదని మా మామ చాలా కాలం అంటూ ఉండేవాడు.

మాది కోసిగి పక్క పల్లె. వాన మొహం చాటేసిన ఏడు సగం ఊరు మూటాముల్లె కట్టుకొని పని ఉన్న చోటికి వెళ్లిపోయేది, దాన్నే మేము సుగ్గికి పోవడం అంటాం. ఎనిమిదో తరగతిలో నేనూ బడీ ఒకరికొకరు దండం పెట్టుకొని విడిపోయాక నాకూ అదే దారి. నా పద్దెనిమిదో ఏట నేను బెంగళూరు పక్కన ఇటుక బట్టీలో ఉండగా ఇక్కడ మా నాయన గుండెనొప్పితో పోయాడు. అప్పట్లో ఫోన్లా పాడా, మా ఊరివాడొకడు బట్టీకి వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. నేను ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది.

మాది తాతల నాటి నుంచీ చర్చి కుటుంబం. మట్టి చేసేటప్పుడు వచ్చినవాళ్లంతా తలా పిడికెడు మన్ను వేస్తారు, అది అందరికీ తెలిసిందే. మా పల్లెలో ఇంకొక పద్ధతి ఉండేది. కొడుకో కూతురో సుగ్గికి పోయి సమయానికి అందకపోతే, ఆ గుంత తవ్విన మన్నులోంచే వాళ్ల పాలు పిడికెడు తీసి, ఇంటి పెద్దది గుడ్డలో ముడివేసి దాచేది. ఆ బిడ్డ వచ్చి తన చేత్తో ఆ మన్ను వేసేదాకా తలదగ్గర సిలువ రాయి పెట్టేవాళ్లు కాదు. అట్లా నా పాలు మా అవ్వ వక్కాకు తిత్తిలో చేరింది.

అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. కొడుకు తలదగ్గర రాయి లేదని ఆమెకు లోపల కోత. నాకేమో ఏమీ అనిపించలేదు. చలికాలం పొద్దున చల్లనీళ్లలో ఉంచిన చెయ్యి మొద్దుబారితే గిచ్చినా తెలియదు చూడండి, నా ఒళ్లంతా అట్లా ఉండేది. ఏడుపు రాలేదు, ఆకలీ రాలేదు, నోటికి మాత్రం సెలవు లేదు. పలకరించడానికి వచ్చినవాళ్లను కూడా నవ్వించి పంపాను. సమాధుల తోటకు పోదాం రమ్మని అవ్వ పిలిచినప్పుడల్లా ఒక హాస్యం ఆడి తప్పించుకునేవాణ్ణి. మొదట్లో తిట్టేది, తర్వాత ఊరకే చూసేది. ఆ చూపుకు కూడా నాకేమీ అనిపించేది కాదు.

ఎండాకాలం రాగానే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, హైదరాబాదులో ఒక బిల్డింగు పనికి మమ్మల్ని తీసుకుపోయాడు. ఆయన మేస్త్రీ, నేను సిమెంటు కలిపేవాణ్ణి, అవ్వ అందరికీ వంట. ఎన్నో ఏళ్ల కిందటే అమ్మ పోయింది కాబట్టి ఊళ్లో నన్ను కనిపెట్టుకొని ఉండేవాళ్లు లేరు, నన్ను వదిలితే మళ్లీ ఎటు పోతానోనని అవ్వ భయం. మేము పోయిన కొన్నాళ్లకే నీళ్ల ట్యాంకర్లు రావడం మానేసి పని ఆగిపోయింది. రేకుల షెడ్డులో పగలు కూర్చుంటే మనిషి అప్పడంలా వేగుతాడు. మ్యూజియాల్లో నేల చల్లగా ఉంటుందని ఎవరో మామ చెవిన వేశారు. మాకు చరిత్ర మీద ప్రేమ పుట్టింది అట్లా.

మొదట మూసీ ఒడ్డున ఉన్న పెద్దదానికి పోయాం. అవ్వ గుమ్మం బయటే చెప్పులు విడిచి, కొంగు తలమీద కప్పుకొని, చర్చిలోకి పోయినట్టు పోయింది. చెప్పులు వేసుకోవచ్చమ్మా అని ఎవరు చెప్పినా వినలేదు, ఇంత శుభ్రంగా ఊడ్చిన చోట చెప్పులతో తిరిగితే ఊడ్చిన బిడ్డ ఉసురు తగులుతుందని ఆమె వాదన. లోపల పెద్ద గడియారం ముందు జనం కాచుకొని ఉంటే మేమూ నిలబడ్డాం. గంట కాగానే చిన్న మనిషిబొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోయింది. ఈ ఉద్యోగం ఉందని ముందే తెలిసుంటే నేను బడి మానేవాణ్ణి కాదన్నాను. మామ పడీపడీ నవ్వాడు. అవ్వ మాత్రం పాలరాతి ముసుగు బొమ్మ దగ్గర ఆగిపోయి, రాయి మీద ఇంత పలచటి గుడ్డ ఎట్లా కప్పినారోనని వంగి వంగి చూసింది. కత్తులు, దంతపు కుర్చీలు, రాజులు తిన్న పింగాణీ పళ్లేలు, నేను అన్నింటి ముందూ నిలబడ్డాను, అన్నింటి మీదా ఒక మాట విసిరాను, ఏ ఒక్కటీ నాలోపలికి రాలేదు. నీడ ఉంది, చాలనుకున్నాను.

తర్వాత ఒకరోజు తోటలో ఉన్న ఇంకొక మ్యూజియానికి పోయాం. మామ గుమ్మం దగ్గర బీడీకి ఆగిపోయాడు, నేనూ అవ్వా లోపలికి పోయాం. అక్కడుంది ఆ పిల్ల. ఈజిప్టు దేశం నుంచి తెచ్చిన శవం, నిలువెల్లా గుడ్డ పట్టీలు చుట్టి గాజు పెట్టెలో పండబెట్టారు. పక్కనున్న తెలుగు బోర్డు కూడబలుక్కొని చదివాను.

"ఎవరి బిడ్డప్పా?" అంది అవ్వ, గొంతు తగ్గించి.

"రాజు కూతురంట."

"ఎప్పుడు పోయిందంట?"

"వేల ఏండ్లాయెనంట అవ్వా."

అవ్వ నా వైపు తిరిగింది. "మరి ఇంకా ఎత్తలేదేమి?"

నా నోరు ఊరుకుంటుందా. "చుట్టాలు రావాలంట. బస్సు దొరికినట్టు లేదు."

అవ్వ నవ్వలేదు, తిట్టనూ లేదు. గాజు మీద చెయ్యి పెట్టి ఆ పిల్ల ముఖం ఉండే చోట నిమిరినట్టు నిమిరింది. "మీ నాయన్ని గూడా ఇట్లనే పండబెట్టినాం రా, నీ కోసరం. దోవ చూసి చూసి, ఇంక ఆగేదానికి లేదని పాస్టరయ్య అంటే అప్పుడు ఎత్తినాం."

అంతవరకూ ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నాకోసం ఆగారని నేననుకోలేదు. బోర్డు వైపు తిరిగి మళ్లీ మొదటి నుంచి చదవబోయాను.

ఈలోగా అవ్వ నడుము దగ్గర తిత్తి విప్పింది. వక్కా ఆకూ పక్కకు నెట్టి గుడ్డముడి తీసింది. "దీనికి ఎవురూ మన్ను ఏసినట్టు లేదు పాపం, ఆడబిడ్డ," అంటూ అందులోంచి చిటికెడు తీసి గాజు మీద జల్లింది.

గదంతా దద్దరిల్లేట్టు ఒక కేక. కాపలా సాయిబు, తెల్లగడ్డం ఆయన, కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "అరే అమ్మా! గాజు మీద ఏం పోస్తున్నవ్? సర్కారు మాల్ అది!"

"మన్నప్పా," అంది అవ్వ, చెప్పక్కర్లేని సంగతి అడిగినట్టు. "నా మనవడి పాలు. ఈ పాపకు రవ్వంత ఇచ్చినా."

ఆయన నా వంక చూశాడు. "ఎవరి మిట్టీ?"

మిట్టీ ఇవ్వడం అనే మాట మా పల్లెలో సాయిబుల ఇళ్లల్లో చావు దగ్గర విన్నదే. వాళ్లూ తలా పిడికెడు వేస్తారు. "నాయనది," అన్నాను. నాయన పోయాడని నా నోటితో నేను చెప్పడం అదే మొదలు.

"నువ్వు ఇయ్యలేదా?"

లేదన్నట్టు తల ఊపాను. సాయిబు కర్ర గోడకు ఆనించాడు. కేకలేసిన మనిషేనా అన్నట్టు మెల్లగా అన్నాడు, "తుడువు బేటా. ఒక్క రవ్వ కూడా కింద పడనీయకు. ఈ బిడ్డను చూసుకునేటందుకు నేనున్న. నువ్వు మీ అబ్బా దగ్గరికి పో."

గాజు మీది మన్ను అరచేతిలోకి తుడుచుకున్నాను. గరుకు ఇసుక, మధ్యలో ఎర్రటి రాతిపలుకు ఒకటి. మా ఊరి మన్నే, తొక్కుతూ పెరిగిందే. సిటీ బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, రెండో చెయ్యి పిడికిలి బిగించుకొని షెడ్డు దాకా వచ్చి, దాన్ని మళ్లీ అవ్వ ముడిలో కలిపాను. ఏమైందని మామ అడిగితే అవ్వే చెప్పింది, "వాన్ని ఊరికి పంపప్పా." నేను హాస్యం ఆడలేదు, దానికే మామ భయపడిపోయి మర్నాడే మా ఇద్దరినీ రైలెక్కించాడు.

ఊళ్లో సమాధుల తోటలో నాయన మన్నుదిబ్బ అప్పటికే ఎండి నెర్రెలు విచ్చి ఉంది. ముడి విప్పి నా పాలు వేశాను. అప్పుడైనా ఏడుపు వస్తుందని అవ్వ ఎదురుచూసింది, నేనూ ఎదురుచూశాను. రాలేదు. చేతులు కడుక్కోమని అవ్వ చెంబు అందిస్తే మాత్రం చాలాసేపు కడుక్కోబుద్ధి కాలేదు. "సాల్లే నాయనా, పడిందిగా," అని అవ్వ ఆ నీళ్లు దిబ్బ మీదే పోసేసింది. ఆ వారమే సిలువ రాయి పెట్టించింది. ఆ తర్వాత కూడా నేను నవ్విస్తూనే బతికాను, లోపలి మొద్దు పూర్తిగా దిగిందని ఇప్పటికీ చెప్పలేను.

పెద్దాయన కూతురికి సెలవు దొరకలేదు. ఆమె ఫోన్లోనే అంతా చూసింది, ఏడ్చినప్పుడల్లా బొమ్మ ఆగిపోయేది. సమాధి దగ్గర కుర్రాళ్లు ప్లాస్టిక్ పళ్లెంలో గులాబీ రేకులు తిప్పారు, చేతికి మట్టి అంటకుండా. పొరపాటున మన్నే తీసుకున్న నాకు ఒక పిల్లవాడు ఎంతో మర్యాదగా తడి టిష్యూ కూడా ఇచ్చాడు. వెనకటికి గాజుపెట్టెలో పడుకోవాలంటే రాజు బిడ్డ కావాలి, ఇప్పుడు ఫోన్ చేస్తే అందరి గుమ్మంలోకీ వస్తుంది. దగ్గర లేనివాళ్లు కూడా అంతా చూడగలుగుతున్నారు. వాళ్ల పాలు తీసిపెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

నేను పిడికెడు తీసి చేతిరుమాలులో ముడివేశాను. ఆమె వచ్చేసరికి ఆ సమాధి మీద నున్నటి గ్రానైటు పరిచేసి ఉంటారు, ఈ మన్ను ఎక్కడ వేయాలో నాకూ తెలియదు. ప్రస్తుతానికి ఫ్రిజ్ మీద ఉంది. నిన్న దుమ్ము దులుపుతూ మా కోడలు పారేయబోయి, ఇదెవరిది మామా అని అడిగింది. రావలసినవాళ్లది, ఉండనీమ్మా అన్నాను. ఎప్పటిలాగే హాస్యమాడుతున్నాననుకొని నవ్వేసి, దాన్ని అక్కడే పెట్టింది.