అద్దంలాంటి తంబుర

గిద్దలూరులో తలుపులకు పాలిష్ వేసే రూబేనుకు గరుకు అంటే గిట్టదు. ఎవరింటికి వెళ్ళినా కూర్చునేముందు కుర్చీ చేతిని అరచేత్తో నిమిరి పెదవి విరుస్తాడు. జనం జేబులో పెన్ను పెట్టుకునే చోట అతను ఉప్పుకాగితం ముక్క పెట్టుకుంటాడు. అలాంటివాడు తమ చర్చికని పనసకర్రతో తంబుర చేశాడు. చేయడం వానాకాలంలోనే అయిపోయింది, నున్నగా చేయడమే అవలేదు. రుద్దుతాడు, పాలిష్ పూస్తాడు, ఎండకు ఎత్తి చూస్తాడు, తల అడ్డంగా ఊపి మళ్ళీ రుద్దుతాడు.

"తీగలు ఎప్పుడు కడతావు నాయనా? నా గొంతు ఉండంగనే మోగుతాదా అది?" అని చర్చిలో పాటలు పాడే ముసలి లేయమ్మ అడిగింది.

"ఆగు పెద్దమ్మా! తలుపులకు పూసినట్ల పూసేదా దీనికి?" అని కసిరాడు.

నిజమే, అట్లా పూయలేదు. అదే పాలిష్‌ను తలుపులకన్నా మందంగా పూశాడు. చెదలు పడతాయని తంబుర బుర్ర లోపల కూడా పోశాడు.

క్రిస్మస్ ఆరాధనలో తంబుర మీద కప్పిన తెల్లగుడ్డ తీయగానే సంఘమంతా నోరు తెరిచింది. లేయమ్మ ఒళ్ళో పెట్టుకుని మీటింది. సిమెంటు బస్తాను తట్టినట్టు దబ్బుమంది. మళ్ళీ మీటింది, మళ్ళీ అదే. ఆమె దాన్ని పక్కన పెట్టి ఒట్టి గొంతుతోనే పాట ముగించింది.

"నా మొగం బాగ కనపడతాంది రూబేనూ. పాటే యాడ పాతిపెట్టినావో!" అంది చివరికి.

"చూసినావా పెద్దమ్మా, అద్దమే!" అన్నాడు రూబేను. అని, తువ్వాలుతో ఆమె వేలిముద్రలు తుడిచాడు.