ఎనభై దాటాక కొసరు

మా నాన్నది కర్నూల్లో కిరాణా అంగడి. కొసరు అడగకుండా కొనుక్కుపోయేవాణ్ణి మా ఇంట్లో అమాయకుల్లో కలిపేసేవాళ్లు. నేనూ అక్కడే పెరిగాను కాబట్టి, అరకిలో బెండకాయలు కొన్నా పైన రెండు వేయించుకోనిదే సంచి మూయను. కరెంటు కారు కొన్నాక కూడా ఆ బుద్ధి పోలేదు. నూరు శాతం చూస్తే తప్ప చార్జింగ్ గన్ను ఊడదీసేవాణ్ణి కాదు.

ఆ రోజు నా భార్యకు కడపలో టీచరు ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన. నాలుగింటికి గేటు మూస్తారు. ఆలస్యమైతే ఆ ఉద్యోగం జాబితాలో వెనకున్నవాళ్లకు పోతుంది. బస్సుకు పోదామని ఆమె అంది. కారే తీస్తానని పట్టుబట్టింది నేను.

ఆళ్లగడ్డ దాటాక ఒక స్టేషన్‌లో ఆగేసరికి ఒంటిగంటన్నర. గన్ను తగిలిస్తే తెర మీద రెండు గంటలు పడుతుందని చూపించింది. నా అనుమానమంతా మిషన్ మీదే. ఎదుటివాడి తక్కెడను నమ్మకపోవడం మాకు పుట్టుకతోనే వచ్చింది. గన్ను పీకి మళ్లీ తగిలించాను. దుమ్ము తుడిచాను. ఏసీ ఆపాను. అంకె కదల్లేదు.

పక్కన టీ బంకు పెట్టుకున్న ముసలాయన గడ్డం నిమురుకుంటూ చూస్తున్నాడు.

"ఏమప్పా, ఒగే మిషన్‌కు రెండు బండ్లు తగిలిస్తే కరెంటు పంచుకోదా? ఆ పక్క మిషన్ ఖాళీగా ఉండాది, ఆడికి పో."

నా మిషన్‌కే అటువైపు తగిలించి ఉన్న ఇంకో కారును అప్పటిదాకా నేను లెక్కలోకే తీసుకోలేదు. మిషన్ మార్చి, ఆయన దగ్గర ఒక టీ తీసుకున్నాను. అంకెలు పరుగెత్తాయి. రెండుంబావుకల్లా ఎనభై. గెలిచానని మీసం మీద చెయ్యి వేశానో లేదో, మళ్లీ నత్తనడక.

"తాతా, నీ మిషన్ మళ్లా మొండికేసింది!"

"మిషన్ నాది కాదప్పా, టీ ఒగటే నాది. నువ్వు చెనక్కాయలు సంచిలో పోసినావా యాడన్నా?"

"పుట్టిందే అంగట్లో."

"సగం దాకా గుమ్మరిస్తావు. మూతి కాడికొచ్చినాక కుదేసి కుదేసి నిదానంగా పోయాల కదా? బ్యాటరీ గూడా అంతే. నువ్వు కడపకు పోయినా ఇంగా శానా మిగులుతాది. ఇంగా ఎవురికోసరం నింపుతాండావు?"

అయినా నోరు ఊరుకోలేదు. "ఇంకో పది నిమిషాలు..."

నా భార్య ఫైలు ఒడిలో పెట్టుకుని, నా వైపు తిరక్కుండానే అంది. "ఆడ చూసేది నా కాగితాలు. నీ బ్యాటరీ కాదు."

ఎనభై మూడు దగ్గర గన్ను పీకాను. చెయ్యి వెనక్కి లాగింది, అబద్ధమెందుకు. ముసలాయన నా గ్లాసులో అడక్కుండానే ఇంకో గుక్క టీ పోశాడు. జీవితంలో మొదటిసారి కొసరును వదిలేసి కారెక్కాను.

దువ్వూరు, మైదుకూరు ఎలా దాటామో గుర్తులేదు. తెర మీది శాతం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కడపలో పరిశీలన జరిగే ఆఫీసు ముందు ఆగేసరికి కాపలావాడు గేటు రెక్క ఒకటి మూసి, రెండోదాని మీద చెయ్యి వేశాడు. ఆమె ఫైలు గుండెకు హత్తుకుని ఆ సందులోంచి లోపలికి దూరింది.

అప్పుడు చూశాను శాతం. ఇంటిదారిలో మళ్లీ ఆళ్లగడ్డ దాకా సరిపోయేంత ఉంది.