చేపల కళ్లంలో మొదటి సగం

వేట నిషేధం మొదలైన నాలుగో రోజున ఇటుకల లారీని వెంటబెట్టుకుని ఆ మత్స్యకారుల ఊరికి వెళ్ళాను. చేపలు ఎండబెట్టుకోవడానికి సిమెంటు కళ్లం కట్టాల్సిన చోట పద్నాలుగు పడవలు ఒడ్డుకి లాగి పెట్టి ఉన్నాయి. జనవరిలో నేను వచ్చి చూసినప్పుడు అక్కడ ఒక్క పడవ కూడా లేదు. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాను కూడా. లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కడ దించమంటారు మేడమ్?" అని రెండుసార్లు అడిగాడు.

అప్పటికి శ్రీకాకుళంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఐదేళ్ళుగా పని చేస్తున్నాను. ఆ ఐదేళ్ళూ ఎవరో చెప్పిన పని చేసుకుంటూ వచ్చిన దాన్ని. మొదటిసారి ఒక ప్రాజెక్టు మొత్తం నా చేతిలో పెట్టారు. విశాఖపట్నం పంపించి మూడు రోజులు శిక్షణ ఇప్పించారు. పనిని ముక్కలు చేయడం, ఏ ముక్క తర్వాత ఏది వస్తుందో రాసుకోవడం, ఒక్కోదానికీ రోజులు వేయడం అక్కడ నేర్పారు. తిరిగొచ్చి రంగురంగుల గీతలతో పెద్ద చార్టు గీసి నా బల్ల ఎదురుగా గోడకి అంటించాను. అందులో మొదటి గీత, స్థలం శుభ్రం చేయడం, ఒక రోజు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, స్థలం ఎవరిదో తెలియకుండానే ఆఖరి రోజు రిబ్బను కత్తిరించేది ఎవరో కూడా రాసేశాను.

గడువు మాత్రం నేను పెట్టింది కాదు. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు పడవలు సముద్రంలోకి వెళ్ళవు. చేప రాదు కాబట్టి ఎండబెట్టే పని ఉండదు. ఆ రెండు నెలల్లోనే కళ్లం కట్టేయాలి. వేట మళ్ళీ మొదలైన వారంలో వచ్చే చేపలే ఆ ఊరి ఆడవాళ్ళకి ఏడాది మొత్తానికి పెద్ద ఆసరా. ఇన్నాళ్ళూ వాటిని ఇసక మీదే పరుస్తున్నారు. ఇసక అంటిన ఎండు చేపని సంతలో ఎవరూ సరిగ్గా చూడరు. అందుకే వాళ్ళు కళ్లం అడిగారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. విసవిసా మహిళా సంఘం పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి, పెళ్ళి కాకముందు నుంచీ ఎండు చేపల వ్యాపారంలో ఉంది.

"పిన్నీ, ఆ పడవలు రేపటికి తీయించాలి" అన్నాను.

"ఎవులు తీస్తారమ్మా? ఒడ్డుకెక్కిన పడవని గంగమ్మ పూజ అయినదాకా కదపరు. పూజ వేట మొదలయ్యే ముందే వస్తాది."

"మరి జనవరిలో అక్కడ ఖాళీగా ఉంది కదా!"

"పొద్దున్న పది గంటలకి వచ్చినావు. ఆ ఏలప్పుడు పడవలు ఒడ్డునుంటాయేటి?"

"ఆ మాట నాకు అప్పుడే చెప్పొచ్చు కదా?"

"నువ్వెప్పుడడిగినావు? ఫొటోలు తీసుకున్నావు, ఎల్లిపోనావు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు."

మాది ఆమదాలవలస దగ్గర వరి పండించే ఇల్లు. మాకు నేల ఖాళీగా ఉందంటే ఖాళీగా ఉన్నట్టే. గట్టు ఇవతల మాది, అవతల వాళ్ళది. ఒక చోటు పొద్దున ఒకరిదిగా, ఎండాకాలంలో ఇంకొకరిదిగా ఉంటుందని నా బుర్రకి తట్టలేదు. ఇటుకలు రోడ్డు పక్కన దింపించి ఇంటికొచ్చాను.

తర్వాత చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆ శనివారం మా సారుకి పంపాల్సిన నివేదికలో "స్థలం సిద్ధమవుతోంది" అని రాశాను. పడవలు తీయించమని ఊరి పెద్దల దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. టీ ఇచ్చి పంపించారు. నిండా మునిగాక చలేమిటి అనుకుని రెండో శనివారం కూడా అదే రాశాను. కళ్లం కట్టడానికి మాట్లాడుకున్న మేస్త్రి పని లేని చోట ఎన్నాళ్ళు కూర్చుంటాడు, ఇంకో ఊళ్ళో స్లాబు ఉందని వెళ్ళిపోయాడు. నేను గోడ మీది చార్టు వైపు చూడ్డం మానేశాను.

నిషేధం పద్దెనిమిదో రోజున సారుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "మొదటి రోజే చెప్పుంటే ఇద్దరం ఆలోచించేవాళ్ళం కదమ్మా. ఇప్పుడు రెండు వారాలు ఎక్కణ్ణించి తెస్తావు?" అన్నాడు. అరిచి ఉంటే నేనూ ఎదురు అరిచి తేలికపడేదాన్ని. ఫోను పెట్టేశాక, ఉద్యోగం ఉన్నా పోయినా ఈ కళ్లం సంగతి తేల్చకుండా ఆ ఊరు వదలకూడదని గట్టిగా అనుకున్నాను.

మర్నాడు చార్టు, ల్యాప్‌టాప్ ఏవీ లేకుండా వెళ్ళి, పెద్దావిడని వెంటబెట్టుకుని ఒడ్డు పొడవునా నడిచాను. పడవలు దాటాక విశాలమైన ఇసక నేల వచ్చింది. పొలుసులు మెరుస్తున్నాయి, నీచు వాసన ఇంకా పోలేదు. మనిషి జాడ మాత్రం లేదు.

"ఇది ఎవరిది పిన్నీ?"

"మాదే. సేపలు ఎండేసుకున్నది ఇక్కడే గదా."

జనవరిలో ఈ నేల నిండా చేపలు పరిచి ఉన్నాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, వాటిని తొక్కకుండా దాటుకుంటూ వెళ్ళి, నోటుబుక్కులో "వీలు కాదు" అని రాసుకున్నది నేనే. నిషేధం వచ్చేసరికి ఖాళీ చోటు నిండిపోయింది, నిండిన చోటు ఖాళీ అయింది. ఆ ఊళ్ళో చిన్నపిల్లనడిగినా చెప్పే సంగతి. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. "ఇక్కడే కట్టేద్దాం" అన్నాను.

పెద్దావిడ నవ్వలేదు. "అవ్వకపోతే?"

"అయిపోతుంది పిన్నీ."

"జనవరిలో ఎల్లిపోతూ అదే అన్నావు. వేట మొదలైపోయి, నీ కళ్లం అవ్వకపోతే? కళ్లమూ ఉండదు, ఇసకా ఉండదు. సేపలెక్కడ ఆరేసుకోవాల, మా ఇంటి సూరు మీదా?"

అన్ని రంగుల గీతల్లో 'అవ్వకపోతే' అన్న గీత ఒక్కటీ లేదు. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు, మొదట ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారని నన్ను అడుగుతారు. ఆ పెద్దావిడ అడిగిన మాట ముందు మిమ్మల్ని మీరే అడగండి, జవాబు లేకపోతే ఇటుక దించకండి అంటాను. కొందరు ముఖం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ.

మేస్త్రిని బతిమాలి వెనక్కి పిలిపించాను. ఈసారి రోజులు నేను వేయలేదు, ఆయన్నే అడిగాను. పునాదికి ఎన్ని, కంకర నింపి దిమ్మిస కొట్టడానికి ఎన్ని, కాంక్రీటు పోశాక నీళ్ళు పట్టడానికి ఎన్ని రోజులో ఒక్కొక్కటే చెప్పించుకున్నాను. వాన పడితే ఎన్ని పోతాయో కూడా అడిగాను. ఇంకేమైనా ఉందా అంటే, తల గోక్కుంటూ, "మేనకోడలి పెళ్ళున్నాది మేడమ్, నాలుగు రోజులు రాలేను" అన్నాడు. అడగకపోతే ఆ పెళ్ళి నాకు ముహూర్తం రోజున తెలిసేది.

అన్నీ కలిపితే మొత్తం కళ్లానికి రోజులు చాలీచాలనట్టున్నాయి. అందుకని నేలని రెండు సగాలు చేశాం. మే పదిహేనులోగా మొదటి సగానికి కాంక్రీటు పడితేనే రెండో సగంలో గునపం దించుతాం. పడకపోతే ఆ సగం ఈ ఏడాదికి ఇసకగానే ఉంటుంది. సంఘం ఆడవాళ్ళందరి ముందూ ఈ మాట కాగితం మీద రాసి, చదివి, పెద్దావిడ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని మడిచి రొండిన దోపుకుని, "సరే, తవ్వండి" అంది.

ఆ రోజు నుంచి పొద్దున్న మొదటి బస్సుకే అక్కడ ఉండేదాన్ని. పునాది అనుకున్న రోజుకే అయింది. పెళ్ళి నాలుగు రోజులూ ముందే లెక్కలో ఉన్నాయి. అయితే ఈదురుగాలితో రెండు రోజులు వాన కొట్టింది. సాలూరు నుంచి కంకర తెస్తున్న లారీ దారిలో ఆగిపోయి ఇంకో రెండు రోజులు తినేసింది. మొదటి సగానికి కాంక్రీటు పడింది పంతొమ్మిదిన.

పడ్డాక ఎంత బావుందంటే, ఊరంతా వచ్చి చూసింది. అందరికీ ఆశ పుట్టింది. "గట్టిగా పనిచేస్తే రెండోది కూడా అయిపోతాది మేడమ్" అన్నాడు మేస్త్రి. సారు ఫోనులో, "నాలుగు రోజులే కదమ్మా ఆలస్యం" అన్నాడు. అన్నిటికన్నా ఆశ్చర్యం, పెద్దావిడే వచ్చి, "కానియ్యి, పర్నేదు" అంది.

నాకూ ఆశే. మొదటి ప్రాజెక్టు సగంలో ఆగిందనిపించుకోవడం ఎవరికి ఇష్టం? ఆ మధ్యాహ్నం మళ్ళీ మళ్ళీ రోజులు లెక్కపెట్టుకున్నాను. ఒక్క వాన పడకపోతేనే సరిపోతున్నాయి. జూన్‌లో వాన పడకుండా ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

"వద్దు పిన్నీ. అవ్వకపోతే ఏంటని మీరే అడిగారు. పదిహేనుకి అవ్వలేదు" అన్నాను.

"మా నేల. మేమే తవ్వమంటే నీకేటి బాధ?" ఆమె గొంతు లేచింది.

"నేల మీదే. మాట నాది."

నా వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కసందులోకి తిరిగేది. ఆ శనివారం నివేదికలో, "సగం పూర్తయింది. రెండో సగం ఈ ఏడాది మొదలుపెట్టడం లేదు. ఈ నిర్ణయం నాది" అని రాశాను. పంపించాక భయం వేసింది, కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

జూన్ రెండో వారంలో మూడు రోజులు ఏకధారగా వాన. తర్వాత గంగమ్మ పూజ అయింది, పడవలు దిగాయి. వాన తెరిపిచ్చి ఎండ కాసిన రోజున వెళ్ళాను. నెత్తళ్ళు, వేలెడంత చేపలు, గంపలకి గంపలు వచ్చి పడుతున్నాయి. సిమెంటు మీద కాలు పెట్టే సందు లేదు. పక్కన ఇసక నేల కూడా ఈ చివర నుంచి ఆ చివరకి నిండిపోయింది. ఆ సగం తవ్వి ఉంటే ఇప్పుడక్కడ నీళ్ళు నిండిన గొయ్యి ఉండేది.

పెద్దావిడ ఇసక మీద గొంతుక్కూర్చుని చేపలు పరుస్తోంది. నన్ను చూసింది, పలకరించలేదు. పక్కనున్న మనిషితో, నాకు వినపడేంత గట్టిగా అంది.

"ఆ రోజు నా మాట ఇని తవ్వేసుంటే ఇయ్యన్నీ ఎక్కడెట్టుకుందుము? నెత్తినెట్టుకుందుమా?"

అని, నెత్తళ్ళున్న గంప ఒకటి నా వైపు తోసింది. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఉప్పు చేతులతో కళ్ళు తుడుచుకోలేక, అలాగే చేపలు పరుస్తూ ఉండిపోయాను.