మావయ్య పెట్టెలో పలకని మెట్టు

మొన్న రాజాంలో పంచెల చాపు కోసం బట్టల కొట్టెక్కితే, కొట్టాయన సెల్‌ఫోన్లో మా మావయ్య పాడుతున్నాడు. పోయి నాలుగేళ్లయిన మనిషి! ఏదో పెళ్లిలో ఎవరో రికార్డు చేసి మెమరీ కార్డుల్లో పంచుకున్న పాట. "ఎవరో గానీ, ఏటి గొంతండీ" అన్నాడు కొట్టాయన. ఆ గొంతు మా అమ్మ తమ్ముడిది.

మావయ్య హార్మోనియం పెట్టె వాయిస్తూ పాడేవాడు. పొందూరు, ఎచ్చెర్ల వైపు ఏ పెళ్లి పందిట్లో పెట్టె తెరిచినా, భోజనాల దగ్గర్నుంచి లేచినవాళ్లు ఎంగిలి చేతులతోనే నిలబడిపోయేవారు. రేడియోవాళ్లు పిలిస్తే, అక్కడ వేరే పెట్టె వాయించాలన్నారని వెళ్లలేదు. అంత పెంకి మనిషి. తన పాత పెట్టెలో, వేలితో నొక్కే మెట్లలో నడిమిది ఒకటి అసలు పలకదు. పాట అక్కడికి రాగానే పెట్టె ఆగిపోయేది, ఆ ఒక్క స్వరం ఈయన గొంతులోంచే వచ్చేది. జనం అదేదో పెద్ద విద్య అనుకునేవారు. బాగు చేయించమంటే, "ఎందుకురా, నేను లేనేటి?" అనేవాడు.

గొంతులో పుండు లేచి విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. కొన్నాళ్లు పలక మీద రాసి చెప్పాడు. తర్వాత అదీ మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త గంజి గ్లాసుతో నిలబడితే తల తిప్పేవాడు కాదు. పాట పోయినా వాయిద్యముంది కదా, పెట్టె ముందు కూర్చోబెడితే మనిషి లేస్తాడనుకున్నాను. ఆయనకి చెప్పకుండా విజయనగరం పట్టుకెళ్లి ఆ మెట్టు బాగు చేయించాను. నా తెలివి తగలెయ్య!

నిజంగానే లేచి కూర్చున్నాడు. అత్త కళ్లొత్తుకుంది. వాయిస్తూ వాయిస్తూ, ఆ మెట్టు రాగానే అలవాటుగా వేలు దాటేసి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్లీ మొదట్నుంచి వాయించాడు, మళ్లీ అంతే. బాగైందని చూపిద్దామని నేనే నొక్కాను. ఖంగుమంది. మావయ్య నా చెయ్యి తీసేసి, పలక అందుకుని రాశాడు: "ఒగ్గీరా అల్లుడూ. అది నాది." పెట్టె మూశాడు. పోయేదాకా మళ్లీ తెరవలేదు.

కొట్టులో పాట ఆ చోటుకొచ్చింది. పెట్టె ఆగింది, మావయ్య పలికాడు. చాపు బేరం చెయ్యకుండానే బయటికొచ్చేశాను. ఏళ్లు గడిస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు అందరూ. ఏళ్లు గడుస్తూనే ఉన్నాయి గానీ, ఆ మెట్టు మీంచి నా వేలు ఇంకా లేవలేదు.