రెండో అర్జీ

ప్రెస్సులో అందరూ ఆమెను బైండరమ్మ అనేవారు. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను మడతలు వేసి, వరస తప్పకుండా పేర్చి, కుట్టి, వీపుకు జిగురు రాసి అట్ట అంటించడం ఆమె పని. ఒక కాగితం తారుమారైతే కళ్ళకన్నా ముందు ఆమె వేళ్ళకు తెలిసేది. చేతులు ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. యజమాని కూడా పని తొందర చెయ్యాల్సి వస్తే ముందు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకునేవాడు.

ఆమె తాతను ఎప్పుడో ఓడలో తీసుకొచ్చి రేవుగోడకు రాళ్ళు మోయించారు. గోడ పూర్తయింది, ఓడలు వెళ్ళిపోయాయి, మోసినవాళ్ళు అక్కడే ఉండిపోయారు. మూడు తరాలు గడిచినా వాళ్ళు ఊరికి రేవు జనమే. ఒళ్ళు నలుపు కాబట్టి చాటుగా బొగ్గులు అనేవారు. ఒక్కోసారి చాటు కూడా అక్కర్లేదు. బళ్ళో చదివే రోజుల్లో ఒక పిల్ల, "టీచర్, బోర్డు నిండిపోయింది, దీని వీపు మీద రాయండి" అంది. క్లాసంతా నవ్వింది. బైండరమ్మ పలక ఎత్తి ఆ పిల్ల నెత్తిన ఒక్కటిచ్చింది. పలక పగిలింది, చదువూ అక్కడితో ఆగింది. పద్నాలుగేళ్ళకే ప్రెస్సులో చేరింది.

అక్కడ అచ్చుమిషను నడిపే మనిషిని మిషనన్న అనేవారు. ఆయనది కొండవైపు జనం. పొట్టి మనిషి, చిన్న కళ్ళు, మాట తక్కువ. వేలు తెగకుండా కటింగు మిషను దగ్గర ఎలా నిలబడాలో ఆమెకు నేర్పింది ఆయనే. ఆమె భర్త ఆస్పత్రిలో పడివున్నప్పుడు పని దిగగానే నేరుగా వచ్చి, ఆమె ఇంటికెళ్ళి స్నానం చేసి వచ్చేదాకా ఆ మంచం పక్కన కూచున్నదీ ఆయనే. భర్త పోయాక ఆమె ఎవరినైనా అన్నా అని నోరారా పిలిచిందంటే ఆయన ఒక్కణ్ణే.

ఆ ఏడు ఎన్నికల్లో మొదటిసారి రేవు జనంలోంచి ఒకామెకు ఒక పార్టీవాళ్ళు సీటిచ్చారు. బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ. బైండరమ్మకు కాళ్ళు నేలమీద ఆగలేదు. ఎన్నడూ ఏ జెండా పట్టనిది పార్టీలో చేరి, సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగింది. మిషనన్నకు రాజకీయాలంటే చిరాకు. అయినా ఆమె పోరు పడలేక ఆయనా మెడలో పార్టీ కండువా వేసుకున్నాడు.

అవతలి పార్టీ నాయకుడు ఒక సభలో టీచరమ్మ గురించి మాట్లాడుతూ, "కరెంటు పోతే ఆవిడ ఎక్కడుందో కనిపెట్టలేం. ఆవిడ పళ్ళికిలించాలి, మనం వెతుక్కోవాలి" అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. బైండరమ్మకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే ఎన్నికల అధికారికి అర్జీ రాసింది. రంగును బట్టి మనిషిని ఎగతాళి చేసి ఓటడగడం నేరమనీ, నవ్వించడానికి అన్నా నేరం నేరమేననీ రాసింది. నలభై ఒక్క సంతకాలు పడ్డాయి. అందులో రేవు జనం కానిది ఒక్కటే, మిషనన్నది.

ఇక పార్టీ ఆమెను నెత్తిన పెట్టుకుంది. పార్టీ సెక్రటరీ స్వయంగా కారు పంపాడు. అధికారి గదిలో ఆమెకు కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, బయటికి రాగానే కెమెరాలు చుట్టుముట్టాయి. "మా రంగును అంటే ఊరుకోం" అని పోస్టర్లు పడ్డాయి. మిషనన్న అచ్చు వేశాడు, ఆమె కట్టలు కట్టింది. మూడో రోజు ఆర్డరు వచ్చింది. హాస్యం కోసమన్నది సాకు కాదనీ, ఆ నాయకుడు మూడు రోజులు ప్రచారం చెయ్యకూడదనీ, బహిరంగంగా క్షమాపణ చెప్పాలనీ అందులో ఉంది. రేవు వీధిలో ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని ఏడ్చారు. ఒక్క అర్జీకి ఇంత బలముంటుందని వాళ్ళెవరికీ తెలియదు.

తొమ్మిది రోజులు గడిచాయి. ఆ నాయకుడు క్షమాపణ చెప్పి మళ్ళీ ప్రచారంలో పడ్డాడు.

మార్కెట్టు మైదానంలో మధ్యాహ్నం మూడున్నరకు బైండరమ్మ పార్టీ పెద్ద సభ పెట్టింది. పార్టీలో అందరూ పెద్దాయన అని పిలిచే నాయకుడు వచ్చాడు. అవతలి పార్టీ తరఫున టీచరమ్మ మీద పోటీ చేస్తున్నది కొండవైపు మనిషి. పెద్దాయన మైకు దగ్గరికి జరిగి, కళ్ళు రెండూ వేళ్ళతో పక్కలకు లాగి చూపించాడు. "ఈయన మెలకువగా ఉన్నాడో నిద్రపోతున్నాడో వాళ్ళావిడకే తెలీదంట! అలాంటోడి చేతుల్లో మీ ఊరు పెడతారా? పైగా వాళ్ళోళ్ళు వీధిలోకొస్తే మీ కుక్కల్ని లోపల కట్టేసుకోండి. పొద్దున లెక్కపెడితే ఒకటి తగ్గుద్ది!"

మైదానం ఘొల్లుమంది. వేదిక మీద టీచరమ్మ నవ్వింది. కింద మొదటి వరసలో కూచున్న బైండరమ్మ కూడా నవ్వింది. ఎవరి మెప్పు కోసమో కాదు. నవ్వు కడుపులోంచి వచ్చింది, ఆపుకోవాలని కూడా తోచలేదు. నవ్వుతూనే పక్కవాళ్ళ వైపు తిరిగింది. రెండు వరసల వెనక మిషనన్న లేచి నిలబడి ఉన్నాడు. మెడలోంచి కండువా తీశాడు. దాన్ని నాలుగు మడతలు వేసి కుర్చీలో పెట్టాడు. ఎవరినీ తోసుకోకుండా, దారి అడుగుతూ బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె నవ్వు మొహం మీదే చచ్చిపోయింది.

మర్నాడు ప్రెస్సులో మిషను ఆగేదాకా కాసుకుని దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, నిన్న ఆయన అట్లా అంటాడనుకోలేదు."

మిషనన్న గుడ్డతో ఇంకు తుడుచుకుంటున్నాడు. "నువ్వూ నవ్వావు కదమ్మా."

"నవ్వాను."

"బాగానే నవ్వావు. నాకు వినపడింది."

అంతే. ఆయన మళ్ళీ మిషను తిప్పాడు. తిట్టివుంటే ఆమె తట్టుకునేది. తిట్టుకు తిట్టు ఆమె దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ పూట ఒక రిజిస్టరుకు పేజీలు తలకిందులుగా కుట్టేసింది. అన్నేళ్ళ పనిలో ఎన్నడూ జరగనిది.

సాయంత్రం తిన్నగా పార్టీ ఆఫీసుకు వెళ్ళింది. సెక్రటరీ ఫోన్లో ఉన్నాడు. ఫోను పెట్టేదాకా నిలబడి, "పెద్దాయన చేత క్షమాపణ చెప్పించండి" అంది.

"దేనికమ్మా?"

"నిన్నటి మాటకు."

సెక్రటరీ నవ్వాడు. "అది సరదాకన్నది. జనం ఎట్లా నవ్వారో చూశావుగా!"

"కరెంటు పోతే కనపడదన్నప్పుడు కూడా జనం నవ్వారండీ. అప్పుడు మీరు కారు పంపారు."

"అది వేరు, ఇది వేరు."

"ఎట్లా వేరో చెప్పండి. నేను చదువుకోలేదు, నిదానంగా చెప్పండి."

"మీది అన్యాయం జరిగిన జాతి తల్లీ. వాళ్ళకేం, షాపులున్నాయి, ఇళ్ళున్నాయి. అయినా ఇప్పుడిదంతా ఎత్తితే లాభం ఎవరికి? అవతలివాడికి కాదూ?"

"మా మిషనన్నకు షాపూ లేదు, ఇల్లూ లేదు. అద్దెకుంటున్నాడు. నా అర్జీ మీద మొదటి సంతకం ఆయనది. అప్పుడు ఆయన చెయ్యి మీకు పనికొచ్చింది. ఇప్పుడు ఆయన కళ్ళు మీకు నవ్వులాటా?"

సెక్రటరీ మొహం మాడ్చుకుని మళ్ళీ ఫోను అందుకున్నాడు. అంటే ఇక వెళ్ళమని.

బైండరమ్మ అక్కణ్ణించి టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపల కూచోబెట్టింది, మర్యాదకు లోటు చెయ్యలేదు. "అక్కా, నాకు తెలీదనుకున్నావా? కెమెరాలు నా మీదే ఉన్నాయి. నవ్వకపోతే పార్టీలో చీలికలని రాస్తారు. గెలవనీ, అన్నీ సరిచేద్దాం" అంది.

"నిన్ను అన్నప్పుడు నువ్వు గెలిచేదాకా నేను ఆగానా చెల్లీ?"

టీచరమ్మ కళ్ళు దించుకుంది. ఆ కళ్ళు దించుకోవడం చూస్తే బైండరమ్మకు జాలి వేయాలి. వేయలేదు. ఇంకా మండింది.

ఇంటికొచ్చి పాత అర్జీ నకలు తీసింది. దాన్నే మళ్ళీ రాసింది. పేరు మార్చింది, రంగు అన్నచోట కళ్ళు అని పెట్టింది. మిగతాది అక్షరం మార్చలేదు. చివర ఒక్క వాక్యం కొత్తగా చేర్చింది: "ఆ మాటకు నేను కూడా నవ్వాను."

సంతకాలకు రేవు వీధిలో బయలుదేరింది. మొన్న పట్టుకుని ఏడ్చినవాళ్ళే ఇప్పుడు తలుపు సగం తెరిచి మాట్లాడారు. "మనకెందుకమ్మా వాళ్ళ గొడవ?" అన్నారు. "మన పిల్ల ఓడిపోతే నీకు సంతోషమా?" అన్నారు. ఒకాయనైతే, "వాళ్ళు మనల్ని ఏనాడైనా మనుషుల్లా చూశారా?" అన్నాడు. "ఒకడు చూశాడు. నీ సంతకం పక్కనే ఉంది, పోయి చదువుకో" అని అరిచి వచ్చేసింది. నలభై తలుపులు కొడితే రెండు సంతకాలు.

మూడోది తల్లిది. ఎనభై దాటిన మనిషి, చిన్నప్పుడు రాళ్ళు మోసిన భుజాలు ఇంకా వంకరగానే ఉన్నాయి. కూతురు చెప్పిందంతా విని, "వాళ్ళ కళ్ళు చిన్నవే కదే, ఉన్నమాటంటే తప్పేంటి?" అంది.

"మనమూ నల్లగానే ఉన్నాం కదమ్మా. ఉన్నమాటే కదా అన్నాడు?"

"అదీ నిజమే, ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అంటూ ముసలామె వేలిముద్రకు బొటనవేలు చాపింది.

మిషనన్నను అడగలేదు. అడిగే మొహం లేదు.

ఎన్నికల ఆఫీసులో ఈసారి కుర్చీ లేదు. అధికారి కాగితం పైకీ కిందికీ చూశాడు.

"ఏ పార్టీ తరఫున?"

"ఏ పార్టీ తరఫునా కాదు. ఇది మా పార్టీ మీదే."

"ఈ చివరి వాక్యమేంటి? కొట్టెయ్యండి, కేసు బలహీనమవుతుంది."

"కొట్టెయ్యను. జరిగిందది."

మర్నాడు అవతలి పార్టీవాళ్ళు పూలదండతో, కెమెరాతో ప్రెస్సుకే వచ్చారు. ఆమె మనస్సాక్షి ఉన్న వీరవనిత అట, సభలో మాట్లాడాలట. కుట్టే సూది చేతిలో ఉండగానే ఆమె లేచింది. "మీ నాయకుడు మా టీచరమ్మను చీకట్లో వెతుక్కోవాలన్న నాడు మీలో ఎవడికి నోరొచ్చింది? అప్పుడు జోకన్నారు. మీవాణ్ణంటే మాత్రం మనస్సాక్షి గుర్తొచ్చిందా? ముందు ఆ దండ తీసుకెళ్ళి మీ నాయకుడి మెడలో వెయ్యండి. క్షమాపణ చెప్పి మూడు రోజులు కూడా ఆగకుండా అదే మాట మళ్ళీ అన్నాడుగా!" వాళ్ళు మెట్లు దిగేదాకా ఆ గొంతు వెంటబడింది. యజమాని గుమ్మంలో నిలబడ్డాడు గానీ గొంతు సవరించుకోలేదు.

పార్టీ ఆమెను తీసేసింది. రేవు వీధిలో పలకరింపులు తగ్గాయి. టీచరమ్మ గెలిచింది. గెలిచిన వారానికి అధికారి దగ్గరనుంచి జవాబొచ్చింది. ఒకే ఒక్క వాక్యం: సదరు వ్యాఖ్య హాస్య ధోరణిలో చేసినది గనుక, ఫిర్యాదుదారు సైతం నవ్వినట్లు ఒప్పుకున్నందున, చర్య అవసరం లేదు.

ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మొదటి ఆర్డరు తెచ్చి పక్కన పెట్టుకుని మళ్ళీ చదివింది. కింద ఉన్న సంతకం ఒకరిదే, ముద్ర ఒకటే. "నేను నిజం ఒప్పుకుంటే పెద్దాయనకు శిక్ష తప్పిందా? తప్పు చేసినవాడు నోరు మూసుకుంటే మంచోడు, ఒప్పుకున్నది మాత్రం సాకా?" అని ప్రెస్సులో అందరూ వినేలా అరిచింది.

మిషను ఆగింది. మిషనన్న వచ్చి రెండు కాగితాలూ తీసుకుని చదివాడు. వారాల తరబడి ఆమెతో పని మాట తప్ప మాట్లాడని మనిషి.

"పై ఆఫీసు ఎక్కడుంది?"

"రెండు బస్సులు మారాలి."

"సోమవారం మిషను శుభ్రం చేసే రోజు. మధ్యాహ్నం ఖాళీ."

"నువ్వొస్తావా అన్నా?"

"వస్తాను. సంతకం మాత్రం పెట్టను."

"అడగలేదు."

"అడగకు. నువ్వు నవ్విన నవ్వు ఇంకా నా చెవిలోంచి పోలేదు."

సోమవారం ఇద్దరూ వెళ్ళారు. బస్సులో పక్కపక్కనే కూచున్నారు. పై ఆఫీసులో గుమాస్తా, "ఎన్నికలయిపోయాయి కదమ్మా, ఇంకా దేనికి?" అన్నాడు. "ఎన్నికలే అయిపోయాయి బాబూ, మేమింకా ఇక్కడే బతుకుతున్నాం" అంది ఆమె. మిషనన్న ఆమె వెనక చేతులు కట్టుకుని, గుమాస్తా అర్జీ అందినట్టు ముద్ర వేసేదాకా కదలకుండా నిలబడ్డాడు.

జవాబు ఇంకా రాలేదు. ఆమె ప్రతి సోమవారం వెళ్ళి అడుగుతూనే ఉంది, ప్రతిసారీ కిందటి వారం కన్నా కొంచెం గట్టిగా.