మడిచిన చిటికెన వేలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కుర్రతనంలో పందెం కాసి, సమాధి మీద పడుకుని తెల్లారేదాకా గుర్రుపెట్టి నిద్రపోయినవాణ్ణి.

సరే, జరిగింది రాస్తానని కూర్చున్నాను కాబట్టి నిజమే రాయాలి. సమాధి మీద కాదు, శ్మశానం గేటు పక్కన సిమెంటు బల్ల మీద. అదీ మిట్టమధ్యాహ్నం. నమ్మకం లేదన్నది మాత్రం నిజం.

ప్రభుదాసూ నేనూ విజయవాడలో రైలు వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో ముప్పై ఏళ్లు కలిసి పనిచేశాం. ఒకే చర్చిలో గిటారు వాయించేవాళ్లం. పాట వెనక కార్డ్స్, అంటే మూడు నాలుగు స్వరాలు కలిపి ఒకేసారి కొట్టడం నా పని; పాట మధ్యలో ఒంటరిగా వాయించే సోలో అతనిది. వ్యాగన్ తలుపు సందులో పడి అతని ఎడమచేతి చిటికెన వేలు సగం పోయింది. మిగిలిన ముక్కను అరచేతిలోకి మడుచుకుని మూడు వేళ్లతోనే వాయించేవాడు.

అదీ జాజ్ పద్ధతిలో. అంటే పాట ఒకసారి అయ్యాక, అవే కార్డ్స్ మీద అప్పటికప్పుడు కొత్త వరస కట్టుకుంటూ పోవడం. మన కచేరీల్లో మనోధర్మం అంటారే, అలాంటిది. క్రిస్మస్ పాటలో అతను అలా ఎటో వెళ్లిపోతుంటే పాస్టరు గారు కళ్లజోడు మీదుగా చూసేవారు.

తన కూతురు షారోను పెళ్లిలో సోలో వాయిస్తానని ప్రభుదాసు మాటిచ్చాడు. పెళ్లి కుదరకముందే గుండెపోటుతో పోయాడు. మట్టి చేసి వచ్చిన సాయంత్రం ఆ పిల్ల గిటారు పెట్టె పక్కన కూర్చుని ఏడుస్తుంటే చూడలేక అనేశాను.

"ఏడవకమ్మా. నీ పెళ్లికి మీ నాన్న సోలో నేను వాయిస్తాను. అచ్చం అలాగే, అప్పటికప్పుడు కట్టి."

"ప్రామిసా పెదనాన్నా?" అంది కళ్లు తుడుచుకుంటూ.

అప్పటికి నా వయసు అరవయ్యారు. సోలో అన్నది ఒక్క ముక్క రాదు.

పటమటలో లావణ్య అనే టీచరమ్మ దగ్గర చేరాను. రెండేళ్లు నేర్చుకున్నాను. "అంకుల్, ఆ చిటికెన వేలు జెండా కర్రలా నిలబెడతారేంటండీ? దానికీ పని చెప్పండి" అని ఆవిడ రోజూ సాధించేది. ఇంకో మాట కూడా చెప్పేది. "తప్పు స్వరం పడితే పారిపోకండి. కావాలనే ఇంకోసారి వాయించండి. అప్పుడది తప్పు కాదు, మీ మాట."

జాజ్‌ను పిండి ఆరేశానని వాకింగ్ మిత్రులందరికీ చెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు అప్పటికప్పుడు కట్టడం రానే లేదు. పెళ్లి తేదీ పెట్టాక, లావణ్య చేత ఒక సోలో రాయించుకుని ఎక్కాల్లాగా బట్టీ పట్టాను. ఇంట్లో కూడా చెప్పలేదు.

రిసెప్షన్ ఏలూరు రోడ్డులో, మధ్యాహ్నం భోజనాల వేళ. నేను స్టేజీ ఎక్కగానే కీబోర్డు అతను నా చెవిలో అన్నాడు. "పాడే అమ్మాయికి గొంతు బాలేదు అంకుల్, శ్రుతి దించేశాం. మీకేముంది, ఎక్కడైనా వాయిస్తారుగా."

అప్పటికప్పుడు కట్టేవాడికి శ్రుతి ఏదైనా ఒకటే. బట్టీ పట్టినవాడికి కాదు. ఆ ముక్క ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నా మొదటి స్వరమే తప్పు పడింది. బిర్యానీ వడ్డిస్తున్నాయన కూడా తలెత్తి చూశాడు. కుర్చీలో షారోను రెండు చేతులూ బిగించి నా వైపే చూస్తోంది. లావణ్య మాట గుర్తొచ్చింది. అదే తప్పు స్వరాన్ని కావాలని మళ్లీ వాయించాను.

ఆ తర్వాత ఏం వాయించానో నాకు తెలియదు. చేతులు వాటి దారిన అవి పోతుంటే నేను కూర్చుని విన్నాను. పాట రెండు చుట్లు తిరిగింది. హాలంతా చప్పట్లు. షారోను పూలదండతోనే వచ్చి వాటేసుకుంది. "ఏమనుకున్నావు మీ పెదనాన్నంటే!" అన్నాను. ఆ పూట నా గర్వానికి ఆ హాలు చాల్లేదు.

రెండు వారాల తర్వాత, పెళ్లి వీడియో వచ్చిందని ప్రభుదాసు భార్య సుగుణ నన్నూ మా ఆవిణ్ణీ భోజనానికి పిలిచింది. నా సోలో మొదలైన కాసేపటికి సుగుణ ఉన్నట్టుండి టీవీ ఆపింది.

"అన్నయ్యా, మీ వేలేదండీ?"

చూశాను. ఎడమచేతి చిటికెన వేలు అరచేతిలోకి మడిచి ఉంది. సోలో అయ్యేదాకా అలాగే ఉంది. మిగతా మూడు వేళ్లే తీగల మీద తిరుగుతున్నాయి.

"ఈయన వేలు టీ తాగేటప్పుడు కూడా వీధిలోకి చూస్తుంది వదినా. అలా మడుచుకుని కూర్చునే రకం కాదు" అంది మా ఆవిడ. నవ్వించాలనే అంది గానీ ఎవరం నవ్వలేదు. సుగుణ మళ్లీ వెనక్కి తిప్పి చూసింది. కంచాల్లో పెరుగన్నం అలాగే ఉండిపోయింది.

కండరం పట్టేసి ఉంటుందన్నారు ఎముకల డాక్టరు గారు. నాకు నొప్పి లేదు. లావణ్య వీడియో మూడుసార్లు వింది. "ఇది నేను నేర్పింది కాదండీ" అంది. ఆవిడ ఎదుటే వేలు మడిచి వాయించబోయాను. ఒక్క వరస కూడా రాలేదు. ఇప్పటికీ రాదు.

ఆ రెండు చుట్లు ప్రభుదాసువని రాద్దామంటే నా నమ్మకం ఒప్పుకోదు. నావేనని రాద్దామంటే ఆ వీడియో ఒప్పుకోదు. ఆలోచించి ఆలోచించి వదిలేశాను.

ఒక్కటి మాత్రం ఎవరికీ ఇవ్వను. వీడియో మీరే ఆపి చూసుకోండి. ఆ తప్పు స్వరాన్ని రెండోసారి వాయించినప్పుడు నా చిటికెన వేలు ఇంకా జెండా కర్రలా నిటారుగానే ఉంది.

అది నాదే.